జేబులో ఫ్యూజులు

ఆ మిషన్ల షెడ్డులో కరెంటు పోతే పెద్ద స్విచ్చు దించేసేవాళ్ళు. వచ్చాక మళ్ళీ ఎత్తేముందు "కరెంటూ!" అని ఒక కేక వెయ్యాలి. ఒక్కో మిషను దగ్గర్నుంచీ "ఆఁ" అని జవాబు వచ్చేదాకా హ్యాండిల్ మీద చెయ్యి వెయ్యకూడదు. ఎక్కడా రాసిపెట్టిన నియమం కాదది. నాలుగు వేళ్ళూ నోట్లోకి వెళ్ళాలంటే ముందు ఆ నాలుగు వేళ్ళూ ఉండాలని తెలిసినవాళ్ళు పెట్టుకున్న కట్టుబాటు.

ఒకరోజు ఫోర్‌మన్ కేక వెయ్యలేదు. పొద్దుట్నుంచీ కరెంటు లేదు, సరుకు సాయంత్రానికి వెళ్ళిపోవాలి, యజమాని మాటిమాటికీ గుమ్మంలోకి వచ్చి గడియారం చూసి పోతున్నాడు. దీపం వెలగగానే ఫోర్‌మన్ పరుగున వెళ్ళి హ్యాండిల్ ఎత్తేశాడు. షెడ్డు ఆ చివర, లోహాన్ని తిప్పి చెక్కే లేత్ మిషను మీద పనిచేసే టర్నరు సరిగ్గా అప్పుడే పక్క మూత తీసి లోపలి పళ్ళచక్రాలు మారుస్తున్నాడు. కుడిచెయ్యి రెండు చక్రాల మధ్య ఉంది. చూపుడువేలూ నడిమివేలూ రెండో కణుపు దాకా పోయాయి.

పోయినవి వేళ్ళు మాత్రమే అయితే దాన్ని ప్రమాదం అనుకుని ఊరుకోవచ్చు. అన్యాయం ఆ తర్వాత జరిగింది. కట్టుతో వచ్చిన టర్నర్ని యజమాని తన గదిలో నిలబెట్టాడు.

"స్విచ్చు నేనే వేసుకున్నానని చెప్పు. లేదంటావా, ఫోర్‌మన్ ఉద్యోగం పోతుంది, నీదీ పోతుంది. మూడు వేళ్ళ టర్నరుకి ఇంకెవడు పనిస్తాడు?"

ఫోర్‌మన్ ఆ గదిలోనే గోడవైపు చూస్తూ నిలబడ్డాడు. కిటికీ అవతల షెడ్డంతా చెవులు రిక్కించింది.

"నేనే వేసుకున్నాను," అన్నాడు టర్నరు.

చెయ్యి మిషనులో ఉన్నవాడు షెడ్డు అవతలి గోడకున్న స్విచ్చు ఎలా వేసుకుంటాడని ఒక్కడూ అడగలేదు. తిలాపాపం తలా పిడికెడు. ఎవరి పిడికెడు వాళ్ళు పట్టుకుని ఎవరి మిషను దగ్గరికి వాళ్ళు వెళ్ళిపోయారు.

ఆ ఫోర్‌మన్‌కి ఒక కూతురు, ఆమె తర్వాత చాలా ఏళ్ళకి పుట్టిన ఒక కొడుకు. తండ్రి చేసిన పనికి తల ఎత్తుకోలేక కూతురు టర్నరుకి కేరేజీ పట్టుకెళ్ళడం మొదలుపెట్టింది. చెంచా పట్టుకోలేక అతను జావంతా చొక్కా మీద పోసుకుని, "కొలత తప్పింది," అని నవ్వితే ఆమెకీ నవ్వొచ్చింది. ఏడాది తిరక్కుండా అతన్నే పెళ్ళాడింది. షెడ్డులో కొన్నాళ్ళు "రెండు వేళ్ళకి ఒక పిల్ల, బేరం గిట్టింది" అని వెకిలి నవ్వులు నడిచాయి. ఆ మాట చెవిన పడ్డ రోజు ఆమె సరాసరి షెడ్డు గుమ్మంలోకి వచ్చింది.

"నన్నెవరూ ఇవ్వలేదయ్యా. నేనే ఏరుకున్నాను. పది వేళ్ళున్నవాళ్ళని కూడా చూశానులే. ఆ రోజు ఒక్కడి చెయ్యీ పైకి లేవలేదు."

ఆ తర్వాత ఆమె వినేలా ఎవరూ ఆ హాస్యమాడలేదు. వినకుండా మాత్రం ఆడుతూనే ఉన్నారు. ఆ మాటలు వింటూ పెరిగినవాడు ఆమె తమ్ముడు, అంటే టర్నరుకి బావమరిది. ఊహ తెలిసినప్పట్నుంచీ అతను చూసింది ఒకటే: భోజనాల దగ్గర అల్లుడి చెయ్యి కంచంలోకి వెళ్ళినప్పుడల్లా తండ్రి తినడం ఆపేసి మంచినీళ్ళు తాగేవాడు. తప్పయిపోయిందన్న మాట ఆయన గొంతులో అరిగిపోయిన మరమేకులా తిరుగుతూనే ఉండేది. ఎక్కడా బిగుసుకునేది కాదు. అలా తిరుగుతుండగానే ఒకరోజు ఆయన పోయాడు.

టర్నరు మళ్ళీ మిషనెక్కాడు. పోయిన వేళ్ళ పని ఉంగరపు వేలికీ చిటికెన వేలికీ నేర్పుకున్నాడు. పంపుల్లో బిగించే ఇత్తడి బుష్‌లు చేసేవాడు. వాటి లోపలి రంధ్రంలో, అంటే బోరులో, వెంట్రుకని నిలువునా పది పాయలు చీల్చితే అందులో ఒక పాయంత తేడా కూడా ఒప్పుకోరు. ఆ పని అతను మునుపటికన్నా బాగానే చేశాడు. పనిలో తేడా రాలేదు. మనిషిలో వచ్చింది.

మిషనులో చెయ్యి పెట్టాల్సి వచ్చిన ప్రతిసారీ ముందు వెళ్ళి ఆ మిషను తాలూకు మూడు ఫ్యూజులూ పీకి, ఆ తెల్ల పింగాణీ ముక్కల్ని చొక్కా జేబులో వేసుకునేవాడు. పని అయ్యాక మళ్ళీ వెళ్ళి పెట్టేవాడు. బుష్ బిగించాలంటే ఫ్యూజులు పీకాలి. కొలవాలంటే పీకాలి. ఆఖరికి మిషను తుడవాలన్నా పీకాల్సిందే. నడుస్తుంటే జేబులో టంగుటంగుమని చప్పుడు. ఆ బరువుకి జేబులు చిరిగిపోతుంటే భార్య ప్రతి చొక్కా జేబుకీ లోపల ఇంకో మందపాటి గుడ్డ వేసి కుట్టింది. పొడుగు చేతులన్నీ మోచేతుల పైకి కత్తిరించేసింది. షెడ్డులో అతని పేరు ఫ్యూజన్న అయిపోయింది.

"ఫ్యూజన్నా, ఇంట్లో ఫ్యాను కింద పడుకునేటప్పుడు కూడా పీకే పడుకుంటావా?"

"ఎందుకురా? మా ఇంట్లో స్విచ్చు దగ్గర నీలాంటివాడు ఉండడుగా."

నవ్వేవాళ్ళు. అతనూ నవ్వేవాడు. కానీ వెనక నుంచి ఎవరైనా గబుక్కున పిలిస్తే అతని కుడిచెయ్యి దానంతటదే వీపు వెనక్కి పోయేది. నిద్రలో కూడా చెయ్యి ఒక్కసారిగా లాక్కుని గుండెకి హత్తుకునేవాడని భార్య తమ్ముడితో చెప్పింది. "పక్కన పడుకున్నదానికి నాకే దడ పుడుతుందిరా. మిషను మా మంచం దాకా వచ్చింది."

బావమరిదికి చదువు అబ్బలేదు, బావ దగ్గరే పని నేర్చుకున్నాడు. చేతులు మంచివి. టర్నరు అతని పనికన్నా ముందు వేళ్ళు చూసేవాడు. "వేళ్ళు చూపించు," అనేవాడు పొద్దున్నే. చూపించాక, "సరే, పద." సాయంత్రం వెళ్ళేముందు మళ్ళీ అదే. పెద్దవాడయ్యాక బావమరిదికి అది చిన్నతనంగా అనిపించి, "ఏం బావా, అరువిచ్చావా?" అని విసుక్కునేవాడు.

"నీకు లోకువగానే ఉంటుందిరా. చేతినిండా ఉన్నాయి కదా."

పాత యజమాని పోయి ఆయన కొడుకు ఓనరయ్యాడు. కొత్త ఓనరు కంప్యూటరు మిషను కొన్నాడు. పెద్ద ఇనప బీరువాలా ఉంటుందది. ముందు అద్దాల తలుపు, లోపల బుష్‌ని పట్టుకుని తిరిగే చక్, పక్కన బటన్ల పలక. బావమరిది వెళ్ళి దాన్ని నడపడం నేర్చుకుని వచ్చాడు. కొన్నాళ్ళకి ఓనరు పాత లేత్‌ని తుక్కుకింద అమ్మేస్తానన్నాడు. పొద్దుటి షిఫ్టు బావమరిది, మధ్యాహ్నం షిఫ్టు ఫ్యూజన్న, ఇద్దరూ కొత్త మిషను మీదే చెయ్యాలన్నాడు.

టర్నరు ఆ మిషను చుట్టూ పామున్న పొద చుట్టూ తిరిగినట్టు తిరిగాడు.

"దీని ఫ్యూజులెక్కడరా?"

"మనం పీకేవి ఉండవు బావా. తలుపే ఫ్యూజు."

"అంటే?"

బావమరిది తలుపు అంచు చూపించాడు. దానికి వేలంత ఇనప నాలుక ఒకటి బిగించి ఉంది. తలుపు మూస్తే ఆ నాలుక వెళ్ళి చట్రంలో ఉన్న స్విచ్చులో దూరుతుంది. దూరితేనే మిషను తిరుగుతుంది. తలుపు తీస్తే నాలుక బయటికి వచ్చేస్తుంది, మిషను నిలిచిపోతుంది.

"తలుపు తీసి ఉండగా ఎవడైనా బటను నొక్కితే?"

"నొక్కుకోమను. తిరగదు."

"ఎవరు చెప్పారు?"

"నేను చెప్తున్నాను బావా. నా మాట మీద నమ్మకం లేదా?"

టర్నరు తలుపు రెండుసార్లు మూసి తీసి చూశాడు. "మీ నాన్న మీద కూడా నమ్మకమే ఉండేదిరా," అన్నాడు చివరికి, నవ్వుతూనే. బావమరిదికి ఆ నవ్వు ముల్లులా దిగింది. ఆ కచ్చతోనే ప్రమాణం చేశాడు: ఈ తలుపు తెరిచి ఉంటే ఈ మిషను తిరగదు, తిరిగితే నన్నడుగు అన్నాడు.

అయినా టర్నరు మొదట్లో చెయ్యి పెట్టలేదు. తలుపు తీసి, చీపురుపుల్ల లోపలికి పెట్టి, నిలబడి చూసేవాడు. చక్ కదలకపోతే పుల్ల తీసి, అప్పుడు చెయ్యి. మిగతావాళ్ళు, "ఏం ఫ్యూజన్నా, బల్లిని బెదిరిస్తున్నావా?" అనేవాళ్ళు. కొన్నాళ్ళకి పుల్ల మూలకి చేరింది. అప్పుడొక రోజు అక్క తమ్ముడికి ఇంటి అలమర చూపించింది. మూడు ఫ్యూజులు, కడిగి తుడిచి, గాజుగ్లాసుల పక్కన వరసగా పెట్టి ఉన్నాయి.

"ఈమధ్య చెయ్యి లాక్కోవడం లేదురా నిద్దట్లో," అంది గొంతు తగ్గించి, పైకి అంటే దిష్టి తగులుతుందేమోనన్నట్టు. "ఎవరు చెప్పినా వినని మనిషి, నీ మాట విన్నాడు."

ఆ మాటకి బావమరిది ఛాతీ పొంగింది. తండ్రి పెట్టిపోయిన బరువేదో తన భుజం మీంచి దిగినట్టనిపించింది. మనిషికి ఛాతీ పొంగినప్పుడే కాళ్ళకింద చూసుకోవాలని అతనికి ఎవరూ చెప్పలేదు.

సరుకు తీసుకునేవాళ్ళు బోరులో ఇంకా నునుపు కావాలన్నారు. మిషను చేసిన నునుపు చాలదు, ఆఖర్న సన్నటి ఎమరీ కాగితం, అంటే గరుకు కాగితం, చేత్తో పట్టి రుద్దాలి. బుష్‌ని చక్ లోంచి ఊడదీసి పడితే కుదరదు, మళ్ళీ బిగిస్తే కేంద్రం తప్పుతుంది. తిరుగుతుండగానే, తలుపు తెరిచి పట్టాలి. తలుపు తెరిస్తే మిషను తిరగదు.

ఓనరు విడి నాలుక ఒకటి తెప్పించి బావమరిది చేతిలో పెట్టాడు. తలుపుకి కాదు, తలుపు నాలుక పక్కనే ఇమిడేలా నేరుగా చట్రంలో స్విచ్చులో దూర్చెయ్యడానికి. అది లోపలుంటే తలుపు బార్లా తెరిచి ఉన్నా మూసే ఉందనుకుంటుంది మిషను.

"సార్, ఇది..."

"అన్ని షెడ్లలోనూ చేస్తున్నదేనయ్యా. నీ చేతులు మంచివి. నువ్వు చేస్తే ఏం కాదు. ఫ్యూజన్నకి చెప్పకు, అనవసరంగా బెదురుతాడు. అతని షిఫ్టులో ఎమరీ పని పెట్టంలే."

బావమరిది ఒప్పుకున్నాడు. ఎందుకు ఒప్పుకున్నాడంటే, ఒప్పుకోకపోతే ఒప్పుకునేవాడు గేటు బయట నిలబడి ఉన్నాడు కాబట్టి. ఓనర్లకి ఆ గేటు ఒక్కటి చాలు.

మొదటిరోజు ఎమరీ కాగితం చుట్టిన కర్ర తిరిగే బోరులో పెట్టాడు. చక్ గాలి మణికట్టుకి తగులుతోంది. చల్లటి గాలి, ఎవరో ఊదుతున్నట్టు. వెనక తండ్రి నిలబడి హ్యాండిల్ మీద చెయ్యి వేసినట్టనిపించి రెండుసార్లు తిరిగి చూశాడు. రోజులు గడిచాయి కానీ భయం పోలేదు. దాన్ని దాచుకోవడం మాత్రం అలవాటైంది. పని తొందరగా తెమలడానికి ఇంకో ఏర్పాటు కూడా చేసుకున్నాడు. బోరు తుడిచి కొలవడానికి మిషను కాసేపు ఆగుతుంది. బటను నొక్కనక్కర్లేకుండా దానంతటదే మళ్ళీ మొదలయ్యేలా పలకలో ప్రోగ్రాము మార్చుకున్నాడు, మధ్యాహ్నం షిఫ్టులోనూ అదే నడిచేది. స్విచ్చులో ఆ విడి నాలుక లేకపోతే అందులో ప్రమాదం లేదు, తలుపు తెరిచి ఉన్నంతసేపూ అది కదలదు.

షిఫ్టు దిగేటప్పుడు స్విచ్చులోంచి ఆ విడి నాలుక లాగి చొక్కా జేబులో వేసుకుని ఇంటికెళ్ళేవాడు. ఎదురుగా బావ వస్తూ, "వేళ్ళు?" అనేవాడు. చూపించేవాడు. జేబు బరువుగా ఉండేది.

ఒకరోజు ఓనరు సరుకు తీసుకునే ఇద్దరు పెద్దమనుషుల్ని వెంటబెట్టుకొచ్చాడు. పని చూపించమన్నాడు. బావమరిది ఎమరీ పట్టి చూపించాడు. వాళ్ళు బుష్‌ని వెలుతురుకి పెట్టి చూసి తలలూపారు. "రండి, మనవాడు మీరు అడిగినవాటికి జవాబు చెప్తాడు," అని ఓనరు అతన్ని భుజమ్మీద చెయ్యేసి ఆఫీసు గదిలోకి తీసుకెళ్ళాడు. భుజమ్మీద ఓనరు చెయ్యి పడటం అదే మొదలు. కుర్చీ కూడా వేశారు. మాటలయ్యేసరికి షిఫ్టు దిగే వేళ దాటింది. బావమరిది ఆఫీసు గదిలోంచి నేరుగా గేటు దాటి, సైకిలెక్కి, కుర్చీ గురించి ఆలోచించుకుంటూ ఇంటికెళ్ళాడు.

ఇంట్లో చొక్కా విప్పి కొక్కేనికి తగిలించాడు. రోజూ ఆ చొక్కా గోడకి తగిలినప్పుడు జేబులోని నాలుక టక్కుమనేది. ఆ రోజు చప్పుడు రాలేదు.

అతను చొక్కా వైపు తిరిగాడు. జేబులో చెయ్యి పెట్టాడు. పక్క జేబు, ప్యాంటు జేబులు. తెలుసు లేదని. అయినా చేతులు వెతుకుతూనే ఉన్నాయి.

బావ ఫోనుకి చేశాడు. అక్క ఎత్తింది.

"ఇంట్లోనే మర్చిపోయి వెళ్ళాడ్రా మహానుభావుడు. ఏంటి అలా రొప్పుతున్నావ్?"

"ఎప్పుడు వెళ్ళాడు?"

"ఎప్పుడో వెళ్ళాడు. ఒరేయ్, ఏమైంది? ఒరేయ్ తమ్ముడూ!"

ఏమని చెప్తాడు? ఫోను పెట్టేశాడు. ఓనరుకి చేశాడు, మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేశాడు, కట్ చేశాడు ఓనరు. బనీనుతోనే సైకిలెక్కాడు.

రోడ్డు పైపుల కోసం తవ్వి ఉంది. ఒక పక్కనుంచే బళ్ళు వదులుతున్నారు. అతను సైకిలు భుజానికెత్తుకుని మట్టికుప్పల మీంచి దాటాడు. ఎవరో తిట్టారు. ఈ పాటికి బావ మొదటి బుష్ బిగించి ఉంటాడు. తలుపు మూస్తాడు, మిషను తిరుగుతుంది, ఆగుతుంది. తలుపు తీస్తాడు. వేస్టు గుడ్డ వేలికి చుట్టి బోరులో పెట్టి తుడుస్తాడు. తుడవడం బావకి పిచ్చి, అద్దంలా మెరిసేదాకా వదలడు. కాసేపాగి మిషను తనంతట తానే... అక్కడికొచ్చేసరికి బావమరిది బుర్ర ఆగిపోయేది. మళ్ళీ మొదట్నుంచీ మొదలయ్యేది. బిగిస్తాడు, మూస్తాడు, తీస్తాడు. దారి పొడుగునా తను తలుచుకున్న ప్రతిసారీ అక్కడ చెయ్యి లోపలికి వెళుతున్నట్టే అనిపించి పెడలు తొక్కడానికే భయమేసింది.

షెడ్డు గేటు దగ్గరికి రాగానే తెలిసిపోయింది. లోపల చప్పుడు లేదు. మధ్యాహ్నం షిఫ్టులో చప్పుడు లేని షెడ్డంటే ఏమిటో ఆ పనివాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు.

అందరూ కొత్త మిషను చుట్టూ మూగి ఉన్నారు. అతన్ని చూసి దారిచ్చారు. చక్‌కి వేస్టు గుడ్డ గట్టిగా, పుండుకి కట్టిన కట్టులా చుట్టుకుపోయి ఉంది. కింద బావ నూనె డబ్బా మీద కూర్చుని ఉన్నాడు. కుడిచెయ్యి ఎడమ చంకలో దాచుకున్నాడు. మొహంలో చుక్క నెత్తురు లేదు. నేలమీద ఉందేమోనని బావమరిది కిందికి చూశాడు.

"బావా. చెయ్యి చూపించు."

టర్నరు చెయ్యి ఇంకా లోపలికి లాక్కున్నాడు.

"చెయ్యి చూపించు బావా, నీకు దణ్ణం పెడతాను."

చాలాసేపటికి చెయ్యి చంకలోంచి బయటికి వచ్చింది. బొటనవేలు ఉంది. ఉంగరపు వేలు ఉంది. చిటికెన వేలు ఉంది. మొండి కణుపుల మీద చర్మం లేచిపోయి ఎర్రగా ఉంది, అంతే.

"గుడ్డ లాక్కుందిరా," అన్నాడు టర్నరు. "పది వేళ్ళున్నవాడైతే గట్టిగా పట్టుకుని ఉండేవాడు. గుడ్డతోపాటు వెళ్ళిపోయేవాడు. నాకు పట్టు చాలదు కదా. జారిపోయింది. మీ నాన్న పుణ్యం."

ఎవరూ నవ్వలేదు. అతను ఎడమచేతి గుప్పిట తెరిచి చూపించాడు. అందులో విడి నాలుక ఉంది.

"ఇది స్విచ్చులో ఉంది. నువ్వేమో తలుపే ఫ్యూజు అన్నావు."

అప్పటికి ఓనరు వచ్చాడు. చెయ్యి చూశాడు, ఊపిరి పీల్చుకున్నాడు, వెంటనే మొహం బిగించాడు.

"ఏం కాలేదు కదా, అదృష్టం. అయినా బోర్డు మీద రాసుందిగా, పని పూర్తిగా ఆగిందో లేదో చూసుకోకుండా తలుపు తియ్యకూడదని. నీ పొరపాటేనని ఒప్పేసుకో ఫ్యూజన్నా, దీన్ని ఇక్కడితో వదిలేద్దాం. రేపట్నుంచి తేలిక పని ఇస్తాను."

టర్నరు బావమరిది వైపు చూశాడు. తొందరపెట్టే చూపు కాదది. చీపురుపుల్ల లోపల పెట్టి, కదులుతుందా లేదా అని నిలబడి చూసేవాడే, ఆ చూపు. షెడ్డంతా అటే చూసింది. బావమరిదికి చెప్పాల్సిన మాట తెలుసు. నోటి దాకా వచ్చింది కూడా. కానీ మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక గోడవైపు తిప్పుకున్నాడు. తిప్పుకున్నాకగానీ, ఆ తిప్పుకోవడం తను ఎక్కడ నేర్చుకున్నాడో తట్టలేదు.

టర్నరు లేచాడు.

"ఆ మాట ఒకసారి చెప్పానండీ, మీ నాన్నగారి గదిలో. ఆ రోజు నిజం చెప్పుంటే ఇవాళ ఇది వీడి చేతికొచ్చేది కాదు. ఇది నేను పెట్టుకోలేదు. పెట్టింది వీడు. పెట్టించింది మీరు."

నాలుకని మిషను పలక మీద పెట్టాడు. పనిముట్ల పెట్టె సర్దుకోవడానికి వేళ్ళు సహకరించలేదు. ఎవరో సాయానికి రాబోతే, "వద్దులెండి, ఇన్నాళ్ళకా సాయం," అన్నాడు. పెట్టె చంకన పెట్టుకుని వెళ్ళిపోయాడు.

ఆ వారం ఎమరీ పని ఆపేశారు. పై వారం మళ్ళీ మొదలుపెట్టారు. నాలుక స్విచ్చులోకి వెళ్ళింది. బావమరిది మానేస్తానని ఇంట్లో అన్నాడు, షెడ్డులో అనలేదు. ఓనరు అతన్ని పనికి పెద్దని చేశాడు, కుర్చీ ఇచ్చాడు. ఇప్పుడు ఎమరీ కర్ర పట్టుకున్నప్పుడల్లా అతనికి తండ్రి కనిపించడు. చక్‌కి చుట్టుకున్న ఆ గుడ్డ కనిపిస్తుంది. కొన్ని రోజులు పని మధ్యలో ఆగి బాత్‌రూములోకి వెళ్ళి, కుళాయి విప్పి, నీళ్ళ కింద తన వేళ్ళు చూసుకుంటాడు. నిద్రలో అతని చెయ్యి కూడా వెనక్కి పోవడం మొదలుపెట్టింది. అది పక్కింటివాళ్ళ అలారం మోతకని ఇంట్లో చెప్పుకున్నాడు.

అక్క ఇంటికి వెళ్ళడం మానేశాడు. మొహం చెల్లక.

బావా బావమరుదులు ఆఖరిసారి కలుసుకున్నది మొన్నటి వానల్లో. అప్పటికి టర్నరు ఇంటి ముందు వసారాలో, తుక్కుకి పోయిన ఆ పాత లేత్‌నే వెతికి తెచ్చుకుని పెట్టుకున్నాడు. మోటార్ల ఇరుసులూ, చిన్న చిన్న బుష్‌లూ చేసిపెడుతున్నాడు. బావమరిది ఒక అరిగిపోయిన ఇరుసు కాగితంలో చుట్టి పట్టుకొచ్చాడు, రావడానికి ఒక సాకు ఉండాలి కనక. గేటు దగ్గరే నిలబడి, లోపలికి రావాలో వద్దో తేల్చుకోలేక, "బావా," అన్నాడు.

టర్నరు మిషను ఆపాడు. వెళ్ళి మూడు ఫ్యూజులూ పీకి జేబులో వేసుకున్నాడు. అప్పుడు వెనక్కి తిరిగాడు.

"తడుస్తున్నావేరా? లోపలికి రా."

ఇరుసు తీసుకుని చూశాడు. "ఎల్లుండి ఇస్తాను," అన్నాడు. రేకుల మీద వాన. లోపల గిన్నెల చప్పుడు. మిషను ఆగిన సంగతి అక్కకి తెలిసి, ఎవరొచ్చారోనని ఆ చప్పుడు కూడా ఆగింది.

"ఇంకా ఆ ఎమరీ పనేనా?"

బావమరిది తలూపాడు.

"నాలుక?"

బావమరిది చూరునీళ్ళ వైపు చూశాడు.

టర్నరు చెయ్యి చాచాడు. మొదట బావమరిదికి అర్థం కాలేదు. అర్థమయ్యాక పాతికేళ్ళ వెనక్కి పోయినట్టు రెండు చేతులూ ముందుకు పెట్టాడు. బావ మూడు వేళ్ళతో ఒక్కొక్క వేలూ పట్టుకుని, బోరు కొలిచినంత నెమ్మదిగా, చివరిదాకా తడిమి చూశాడు. ఒక్కదాని దగ్గరా తొందరపడలేదు. కుడిచేతి చూపుడువేలి దగ్గర మాత్రం కాసేపు ఆగాడు.

"అన్నీ ఉన్నాయిరా," అన్నాడు వదిలేస్తూ. "మీ అక్క లోపలుంది. ఇవి ఉన్నప్పుడే ఒకసారి చూపించి వెళ్ళు."